జారుడు దిబ్బ

వలిసెలు కోసేసిన మర్నాడు
బుద్రి జాని తన వాలు చేనుని మాకిస్తుంది.
చైత పరబ్‌కి ముందే తిరిగి అప్పజెప్పాలి, దున్నుకోవాలి కదా.
కాగితం లేదు. ఒక కోడి, రెండు కుంచాల చోళ్లు,
ఆదివారం వసూల్లో ఆరో వంతు.

సిమిలిగుడలో బస్సు దిగి నందపురం దారి పట్టి
రెండో మలుపు దగ్గర తలెత్తితే కనిపిస్తుంది.
నూట నలభై అడుగులు. అంతే.
పైనుంచి కిందకి పదకొండు సెకన్లు,
పడకపోతే.

మొదలెట్టింది ఖరా గుప్తేశ్వర్.
పద్నాలుగేళ్లు మంచుకొండల్లో కాపలా కాసి
ఎడమకాలి రెండు వేళ్లు అక్కడే వదిలేసి వచ్చాడు.
వచ్చి ఊరికే కూర్చోలేదు.
ఆరంగుళాల నీళ్లపైపుని నిలువునా చీరి
పిడకల సెగ మీద మెత్తబరిచి
ముక్కు పైకి వంచాడు.
అడుగున వలిసె నూనె పూశాడు.
ఏ చేను నూనె ఆ చేనులోనే జారుతోందని
అతను అనలేదు, నేనంటున్నాను.
అతనన్నది, "కాస్త తక్కువ రాయి, రేటు పెరిగింది."

నాది మోటారు పని.
సాలూరులో బియ్యం మిల్లు మూసేసినప్పుడు
మూడు నెలల జీతం బదులు చేతికొచ్చిన పది గుర్రాల మోటారు.
దానికి తాడు చుట్టాను. పట్టుకున్నవాళ్లని పైకి లాగుతుంది.
మనుషులు బస్తాలకన్నా తేలికే,
కానీ బస్తాలు కేకలెయ్యవు.

విశాఖపట్నం నుంచి కార్లలో వస్తారు,
జయపురం నుంచి, కోరాపుట్ నుంచి స్కూటర్ల మీద.
దిగగానే ఫోన్లో చూసిన కొండకోసం వెతుక్కుంటారు.
"ఇదేనా?"
ఇదే. ముప్పై రూపాయలు. సగంలో పడితే ఇంకోసారి ఉచితం.

ఇస్త్రీ నలగని చొక్కాయన ఒకాయన
కాశ్మీరులో ఎక్కానన్నాడు. ఒక్కసారి.
ఎలాగుందండీ అన్నాను.
చలేసింది, బాగా ఖర్చయింది, ఫోటోలున్నాయి అన్నాడు.
ఆ ఫోటోలు చూపించేలోపు
బుద్రి మనవరాలు సోమ్‌బారి, ఏడేళ్లది,
ఆయన మోచేతిని రాసుకుంటూ కిందకి పోయింది.
పొద్దుటినుంచి దానికది ఇరవై మూడోసారి.
టికెట్టు లేదు. చేను వాళ్లదే.

పడటానికి గుప్తేశ్వర్ దగ్గర ఒకటే పాఠం:
పక్కకి పడు, లేచేటప్పుడు ఎవరు నవ్వారో చూసుకో,
వాళ్ల వంతూ వస్తుంది.
ఒడియాలో నేర్పుతాడు, ఇంటిమాటలో తిడతాడు,
డబ్బులు మాత్రం తెలుగులో అడుగుతాడు.

నిరుడు ఓ కంపెనీవాడు రంగుల బొమ్మలు పట్టుకొచ్చాడు.
తీగ మీద నడిచే గాజుపెట్టెలు,
ఏడాదంతా చల్లగా ఉండే షెడ్డు,
అందులో యంత్రం కురిపించే మంచు.
బుద్రి ఒక్కో కాగితమూ తిప్పి చూసింది.
"వలిసెలెక్కడ వెయ్యాలి?" అంది.
వాడి దగ్గర ఆ బొమ్మ లేదు.

పుష్యమాసంలో ఒక తెల్లారుజామున
మోటారు మీద గోనె తియ్యబోతే గోనె విరిగింది.
తలెత్తాను. దిబ్బంతా తెల్లగా ఉంది.
కోసిన మోళ్ల మీద, గట్ల మీద, తాడు పొడవునా
ఉప్పు చల్లినట్టు నూగుమంచు.
గుప్తేశ్వర్ అప్పటికే పైనున్నాడు.
ఎప్పుడెక్కాడో, తాడు లేకుండా నడిచే ఎక్కాడు.
దిగడానికి పదకొండు సెకన్లు కాదు, చాలాసేపు పట్టింది.
అటో మలుపు, ఇటో మలుపు,
ఎవరినో లేపకూడదన్నట్టు.
వెనకాల రెండు నల్లటి గీతలు.

కింద సోమ్‌బారి దుప్పటి కప్పుకుని నిలబడి ఉంది.
"ఇదే. అక్కడ ఇదే, మోకాళ్లదాకా," అన్నాడు దానితో.
అది వంగి ఓ గడ్డిమోడు నాకి చూసింది.
"ఉప్పు లేదు," అంది.

ఎనిమిదయ్యేసరికి ఎండ మొత్తం తుడిచేసింది.
పదింటికి మొదటి కారు ఆగింది.
తలుపు తెరిచి నల్లకళ్లద్దాలు పైకి లేపి
"ఇదేనా?" అన్నారు.
ఇదేనండీ, అన్నాను.
నా వెనకనుంచి సోమ్‌బారి
తడిసిన నాలుక బయటపెట్టి చూపించింది.